చలవ టీ షాపు ఫ్రాంచైజీకి అడ్వాన్సు కట్టే ముందు

చి. అమ్మలూకి మావయ్య ఆశీస్సులు.

చైనాలోని గ్వాంగ్‌జౌలో అల్లుడూ నువ్వూ కలిసి మూలికల టీ షాపు ఫ్రాంచైజీ తీసుకుందామనుకుంటున్నారని, ఈ వారంలో అడ్వాన్సు కడితే ఫీజులో సగం తగ్గిస్తామని కంపెనీ వాళ్లు తొందరపెడుతున్నారని రాశావు. కట్టకండి. కనీసం ఈ ఉత్తరం ఇద్దరూ చదివేదాకా ఆగండి.

సరుకు మంచిదే. వాళ్ల లియాంగ్ చా అంటే మన చలవ చేసే పానకం లాంటిదే. నోట్లో పుండ్లు, గొంతు మంట, మొహం మీద కురుపులు వస్తే వాళ్లు "షాంగ్ హ్వో" అంటారు, మనం "వేడి చేసింది" అంటాం. ఆ ఉక్క ఊళ్లో ఇది కొత్తగా నేర్పాల్సిన అలవాటు కాదు. వాంగ్ లావ్ జీ అనే పేరున్న చలవ టీ బ్రాండ్ 1828లోనే అక్కడ మొదలైంది. 2006లో చైనా ప్రభుత్వం లియాంగ్ చాని జాతీయ వారసత్వ జాబితాలో చేర్చింది. చిక్కూ అక్కడే ఉంది. వీధి వీధికీ ఒక కొట్టు ఉంది, పెద్దవాళ్ల నాలుకకి చేదు ఎంత ఉండాలో లెక్క తెలుసు. బోర్డు చూసి ఒకసారి వస్తారు, రెండోసారి రుచి చూసే వస్తారు.

ముందు కంపెనీ సంగతి. చైనాలో ఫ్రాంచైజీ నిబంధనలు 2007 మే 1 నుంచి అమల్లో ఉన్నాయి. ఫ్రాంచైజీ ఇచ్చేది కంపెనీయే అయి ఉండాలి, విడి మనిషి ఇవ్వకూడదు. ఆ కంపెనీకి సొంతంగా నడిపే షాపులు కనీసం రెండు, ఏడాదికి పైగా నడుస్తూ ఉండాలి. మొదటి ఒప్పందం అయిన 15 రోజుల్లో వాణిజ్య శాఖ దగ్గర నమోదు చేయించుకోవాలి. ఆ నమోదు ఆన్‌లైన్‌లో కనిపిస్తుంది, అల్లుడు కంపెనీ పూర్తి పేరు చైనా అక్షరాల్లో కొట్టి వెతికితే అయిదు నిమిషాల పని. బోర్డు మీది బ్రాండ్ పేరుతో వెతికితే దొరకదు. కాంట్రాక్టు కింద ముద్ర వేసే కంపెనీ పేరుతోనే వెతకాలి. ఈ రెండు పేర్లకీ పొంతన లేకపోతే ట్రేడ్‌మార్క్ ఎవరిదో, వీళ్లకి వాడుకునే హక్కు ఎవరిచ్చారో కాగితం అడగండి.

సంతకానికి కనీసం 30 రోజుల ముందు కంపెనీ తన వివరాలన్నీ రాతపూర్వకంగా ఇవ్వాలి. ఎన్ని ఫ్రాంచైజీ షాపులున్నాయి, ఎలా నడుస్తున్నాయి, గత రెండేళ్ల ఆడిట్ లెక్కల సారాంశం, గత అయిదేళ్లలో ఫ్రాంచైజీ తగాదాల మీద కేసులు, అన్నీ అందులో ఉండాలి. "ఈ వారంలో కడితే సగం" అనేవాడు ఆ 30 రోజుల్ని మింగేస్తున్నాడన్నమాట. అక్కడ ఇలాంటి కంపెనీలకి "క్వాయ్ జావ్" అని పేరే ఉంది, అంటే చకచకా జనాన్ని పోగేసేవాళ్లు. ఫీజులు వసూలు చేసుకుని, ఏడాది రెండేళ్లలో ఆ బ్రాండ్‌ని గాలికొదిలేసి, కొత్త పేరుతో మళ్లీ మొదలుపెడతారు. ఆఫీసులో రుచి చూపించిన టీ బాగుందని మురిసిపోకండి, ఆఫీసులో టీ ఎప్పుడూ బాగానే ఉంటుంది. వాళ్లు చూపించని షాపులు నాలుగు మీరే వెతుక్కుని వెళ్లండి. రెండేళ్ల కింద తెరిచినవి ఎన్ని మిగిలాయో చూడండి. మధ్యాహ్నం మూడింటికి కౌంటర్లో ఖాళీగా ఉన్న మనిషిని పలకరిస్తే కంపెనీ చెప్పనివన్నీ చెబుతాడు.

కాంట్రాక్టులో నాలుగు చోట్ల వేలు పెట్టి చదవండి. ఒకటి, సంతకం తర్వాత కొన్ని రోజుల్లోపు మీరు ఏకపక్షంగా వెనక్కి తగ్గొచ్చని రాసి ఉండాలి. ఎన్ని రోజులన్నది చట్టం చెప్పదు కాబట్టి అంకె వేయించండి. "శిక్షణ మొదలైతే ఈ హక్కు పోతుంది" అని పక్కనే చిన్న అక్షరాల్లో ఉంటే కొట్టేయించండి. రెండోది గడువు. మీరు ఒప్పుకుంటే తప్ప ఫ్రాంచైజీ ఒప్పందం మూడేళ్లకి తగ్గకూడదు. షాపు గది యజమాని మాత్రం అద్దె ఒప్పందం ఏడాదికే రాస్తానంటాడు. ఏడాది తిరిగేసరికి అద్దె పెంచితే ఉన్నా నష్టమే, ఖాళీ చేస్తే కంపెనీకి జరిమానా. రెండు గడువులూ ఒకేచోట ముగిసేలా చూసుకోండి. మూడోది, పక్క వీధిలో ఇంకొకరికి షాపు ఇవ్వకూడదనే షరతు. ఎన్ని మీటర్లో రాస్తారు సరే, డెలివరీ యాప్‌లో కూడా అది వర్తిస్తుందా అని అడగండి. ఆర్డర్లన్నీ పక్కవాడికి పోతుంటే మీటర్లు ఏం చేసుకుంటాం?

నాలుగోది సరుకు ధరల జాబితా. కంపెనీకి అసలు రాబడి మూలికల పొట్లాలు, సిరప్, గ్లాసుల మీదే. ధర ఏడాదికి ఎంతకి మించి పెంచకూడదో, గ్లాసులు, పటికబెల్లం బయట కొనుక్కోవచ్చో లేదో రాయించండి.

ఇక లెక్క. అంకెలు ఉదాహరణకే, మీ వీధి అద్దె మీరు వేసుకోండి. గ్లాసు సగటున 9 యువాన్లు, అందులో పొట్లం, గ్లాసు, మూత కలిపి 3 పోతే చేతికి 6. అద్దె 9,000, ఇద్దరు పనివాళ్లకి బీమాతో సహా 12,000, కరెంటు, నీళ్లు 2,000, కంపెనీ నెల ఫీజు 1,000. మొత్తం 24,000. అంటే నెలకి 4,000 గ్లాసులు, రోజుకి 134 అమ్మితే మీ జేబులోంచి పెట్టక్కర్లేదు. కంపెనీ చూపించే కాగితం ఇక్కడితో ఆగిపోతుంది. అమ్మకంలో సగం డెలివరీ యాప్ మీద పోయి, అక్కడ కమిషన్, డిస్కౌంటు కలిపి గ్లాసుకి 3 పోతే సగటు మిగులు నాలుగున్నరకి దిగుతుంది. అప్పుడు రోజుకి 178 కావాలి. ఫ్రాంచైజీ ఫీజు, సామాను, పాత అద్దెదారుకి ఇచ్చే పగిడీ కలిపి 1,80,000 పెట్టారనుకుంటే మూడేళ్లలో రాబట్టాలంటే నెలకి ఇంకో 5,000. రోజుకి 215 గ్లాసులు. ఇంకా మీ ఇద్దరి జీతం వేయలేదు.

ఈ 215 పట్టుకుని, తీసుకోబోయే షాపు ఎదురుగా నిలబడండి. ఒక మామూలు రోజు, ఒక ఆదివారం, ఒక వానరోజు. మెట్రో మెట్ల పక్కన జనం కనిపిస్తారు గానీ ఆగరు. కూరగాయల మార్కెట్‌కీ పాత కాలనీకీ మధ్య దారిలో ఆగుతారు. చలికాలం బేరం పడిపోతుంది కాబట్టి వేడివేడిగా నువ్వుల పాయసం లాంటిదేదైనా మెనూలో ఉందో లేదో చూడండి.

అల్లుడు అక్కడివాడే కాబట్టి లైసెన్సు అతని పేరు మీదే తీయండి. చిన్న వ్యాపారిగా నమోదు కావాలంటే ఆ దేశ పౌరుడై ఉండాలి, విదేశీయులైతే కంపెనీ పెట్టాల్సిందే. పోతే, నువ్వు కుటుంబ వీసా మీద ఉన్నావు. పని అనుమతి లేకుండా కౌంటర్లో నిలబడితే 5,000 నుంచి 20,000 యువాన్ల దాకా జరిమానా పడుతుంది. వ్యాపార లైసెన్సు అయ్యాక ఆహార వ్యాపార అనుమతి తీసుకోవాలి, అది అయిదేళ్లు చెల్లుతుంది. టీ తాకే ప్రతి మనిషికీ ఏటా ఆరోగ్య పరీక్ష కార్డు ఉండాలి. అద్దె అగ్రిమెంటు మీద సంతకం పెట్టకముందే ఆ గదికి ఆహార అనుమతి వస్తుందా అని మార్కెట్ సూపర్‌విజన్ ఆఫీసులో అడిగి రండి. డ్రైనేజీ లేని గది ఎంత చవకైనా వద్దు.

కుండ దగ్గరికి వద్దాం. శిక్షణకి వెళ్లే ముందే ఇంట్లో ఐదు పువ్వుల టీ కాచి చూడు. జిన్ యిన్ హువా (హనీసకిల్ పువ్వు), చామంతి, బూరుగ పువ్వు, దేవగన్నేరు పువ్వు, హువాయ్ హువా (పగోడా చెట్టు పువ్వు), అన్నీ ఎండువే, తలా 10 గ్రాములు, రెండు లీటర్ల నీళ్లు. గబగబా కడిగి, చన్నీళ్లలో అరగంట నానబెట్టు. ఇనుము, అల్యూమినియం గిన్నెలు వద్దు, మట్టికుండ గానీ స్టీలు గానీ వాడు. బూరుగ పువ్వు మందం కాబట్టి ముందు దాన్ని ఒక్కదాన్నే సన్న సెగ మీద ఇరవై నిమిషాలు ఉడికించి, మిగతావి తర్వాత వేసి పది నిమిషాల్లో దించేయి. అన్నీ ఒకేసారి వేసి గంటసేపు మరిగిస్తే వాసన ఆవిరైపోయి వగరు మిగులుతుంది. వడకట్టాక పటికబెల్లం. ఈ రుచి నాలుకకి పట్టాక కంపెనీ పొట్లం కాచి పక్కన పెట్టి తాగు. తేడా నీకే తెలుస్తుంది.

పొట్లం విప్పగానే పువ్వుల్ని ముక్కు దగ్గర పెట్టుకో. చామంతి మరీ నిగనిగలాడుతూ, జిన్ యిన్ హువా తెల్లగా మెరుస్తూ, ముక్కులోకి పుల్లటి ఘాటు కొడితే అది గంధకం పొగ పెట్టిన సరుకు. మంచి ఎండు పువ్వు కొంచెం మాసినట్టే ఉంటుంది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్య వచ్చే "హుయ్ నాన్ థియెన్" అనే తేమ రోజుల్లో గోడలకే చెమట పడుతుంది. ఆ నెలల్లో పది రోజులకి మించి సరుకు నిల్వ పెట్టకు. సంచులు నేల మీద కాకుండా అరల మీద, గోడకి ఎడంగా ఉంచు. తేమ లాగే మిషను కొనాల్సిందే. బూజు ఒక్క పువ్వు మీద కనిపించినా ఆ సంచి మొత్తం పారేయి, ఏరుకుని వాడకు.

కాచిన టీని 60 డిగ్రీల పైన వేడిగానో, త్వరగా చల్లార్చి 8 డిగ్రీల లోపో ఉంచు. ఆ రెంటి మధ్య రెండు గంటలు దాటిందంటే అమ్మకానికి పనికిరాదనుకో. రాత్రి మిగిలిందాన్ని పొద్దున్న కొత్త కాపులో కలపడం అన్ని కొట్లకీ ఉన్న జబ్బు. పుల్లబడింది ఎందుకో తర్వాత ఎంత వెతికినా దొరకదు.

అసలు భయపడాల్సింది టీలో ఏం పడుతుంది, కౌంటర్లో మీరేం మాట్లాడతారు అన్నదాని గురించి. మీరు అమ్మేది ఆహారం. అందులో మందు కలపకూడదు. ఆహారంగానూ మందుగానూ వాడొచ్చని ప్రభుత్వం ఒప్పుకున్న మూలికల జాబితా ఉంది. 2002లో 87, 2024 నాటికి 106. మన పసుపు, పిప్పళ్లు 2019లో అందులో చేరాయి గానీ మసాలా దినుసులుగా మాత్రమే. కాబట్టి మనింటి కషాయం ఒకటి మెనూలో పెడదామనే ఉత్సాహం వద్దు. దేవగన్నేరు పువ్వు లాంటి మూడింటిని చలవ టీ ముడిసరుకుగా 2010లో విడిగా అనుమతించారు. మెనూలో ప్రతి టీకీ ఏ మూలికలు పడతాయో కంపెనీ దగ్గర రాయించుకుని జాబితాతో సరిపోల్చండి.

"ఒక్క గ్లాసుతో జలుబు పోతుంది" అనే పొట్లం ఇస్తే ఇంకా జాగ్రత్త. టీలో పారాసిటమాల్ పొడి కలిపి జైలుకెళ్లిన కొట్లవాళ్లు ఆ రాష్ట్రంలో ఉన్నారు. కలిపింది కంపెనీ అయినా అమ్మింది మీరే. సరుకు పది వేల యువాన్ల లోపుదైనా జరిమానా లక్షతో మొదలవుతుంది. గోడ మీద "దగ్గు తగ్గిస్తుంది" అని రాసినా తప్పే. నాలుక చూసి, నాడి పట్టి టీ ఇచ్చే పద్ధతి కంపెనీ నేర్పితే, అది వైద్యం కిందకి వస్తుంది, లైసెన్సున్న వైద్యుడు తప్ప ఎవరూ చేయకూడదు. గర్భిణులు, పసిపిల్లలు, జి6పిడి లోపం (పుట్టుకతో వచ్చే ఒక ఎంజైమ్ లోపం) ఉన్నవాళ్లు డాక్టర్ని అడగకుండా తాగొద్దని బోర్డు పెట్టు. ఆ లోపం గ్వాంగ్‌డాంగ్‌లో తక్కువేం కాదు, వాళ్లని జిన్ యిన్ హువాకి దూరంగా ఉండమంటారు. నాలుగు రోజులుగా జ్వరమని చెప్పే మనిషికి టీ అమ్మకు, ఆసుపత్రికి పొమ్మను.

చేదు టీ తాగిన పిల్లలకి ఎండు రేగు ముక్కో, నారింజ తొక్క మిఠాయో చేతిలో పెట్టడం అక్కడి అలవాటు. ఆ డబ్బా కంపెనీ లెక్కలో ఉండదు, మీరే కొనండి.

కాంట్రాక్టు పేజీలన్నీ ఫొటో తీసి పంపండి. ముందుగా సరుకు ధరల పేజీ, ఆ తర్వాత ఒప్పందం రద్దు చేసుకునే పేజీ.

మీ మావయ్య