కువైట్ నుంచి మొదటి పెట్టె పంపబోతున్న చిన్నబ్బికి

కడప,
అక్టోబరు నెల.

చిరంజీవి చిన్నబ్బికి పెదనాయన ఆశీర్వదించి రాయడమేమనగా, ఇక్కడ మేమందరం క్షేమం. సంక్రాంతికి ఇంటికి ఒక పెట్టె పంపాలనుకుంటున్నావనీ, ఏమి కొనాలో, ఎట్లా కట్టాలో నన్ను అడిగి చెప్పమన్నావనీ మీ అమ్మ నిన్న చెప్పింది. ఫోనులో చెబితే సగం చెవిన పడి సగం గాలికి పోతుంది కనుక నిదానంగా కూర్చుని రాస్తున్నాను. 1986లో వంటవాడిగా కువైట్‌కు పోయి, మధ్యలో యుద్ధకాలాన్ని తీసివేస్తే, 2017 వరకు అక్కడే బతికినవాణ్ణి. ఆ కాలంలో నేను పంపిన పెట్టెలు ఎంత లేదన్నా నలభై ఉంటాయి. వాటిలో చెడగొట్టుకున్నవీ పోగొట్టుకున్నవీ కూడా ఉన్నాయి కాబట్టే నీకు చెప్పడానికి నా దగ్గర కాస్త సరుకుంది.

మొదట కొనడం సంగతి చెబుతాను. నేను పోయిన కొత్తల్లో టాంగ్ పొడి డబ్బా, పాలపొడి డబ్బా, వాసన సబ్బులు, తలనొప్పి నూనె పంపితే ఇంట్లో పండుగ చేసుకునేవారు. అప్పట్లో అవి కడపలో కంటికి కనబడేవి కావు. ఇప్పుడు ఏడు రోడ్ల దగ్గర ఏ పెద్ద అంగడికి పోయినా అవన్నీ వరుసగా పేర్చి ఉన్నాయి. అయినా మన పిల్లలు సెలవు దొరికిన శుక్రవారం జమీయాకు, అంటే అక్కడి సహకార అంగడికి పోయి, వెనుకటి వాళ్ళు ఏమి కొన్నారో అవే బుట్టలో వేసుకుని వస్తున్నారు. రెండు వందల రూపాయల సబ్బులకు అంతకు మించిన కార్గో ఖర్చు పెట్టడం నాకు ఎంతమాత్రం నచ్చదు. అక్కడ దొరికి ఇక్కడ దొరకనివి, లేదా అక్కడివే నాణ్యంగా ఉండేవి మాత్రమే పెట్టెలో చోటు సంపాదించుకోవాలి. మంచి ఖర్జూరం, పిస్తా, బాదం, జైతూన్ (ఆలివ్) నూనె, మందపాటి దుప్పటి, ఒంటికి హత్తుకునే చలికోటు వంటివి ఆ లెక్కలోకి వస్తాయి.

ఎవరికేమి కావాలో తెలుసుకోవడానికి ఒక ఉపాయం ఉంది. ఎవరిని వారినే అడిగితే, ‘ఏమీ వద్దు నాయనా, నువ్వు బాగుంటే చాలు’ అనే మాట తప్ప ఇంకొకటి రాదు. మీ అమ్మకు ఏమి కావాలో మీ చెల్లెలిని అడుగు, మీ చెల్లెలికి ఏమి కావాలో మీ అమ్మను అడుగు, మీ నాయన సంగతి ఇద్దరినీ అడుగు. మీ జేజికి మెత్తని చెప్పులు కొనాలనుకుంటే, ఆమె పాదం మడమ నుంచి బొటనవేలి కొస వరకు ఒక నూలుదారంతో కొలిపించి, ఆ దారాన్ని టేపు మీద పెట్టి ఎన్ని సెంటీమీటర్లో చెప్పమను. అక్కడి చెప్పుల మీద ఉండే 38, 39, 40 అనే అంకెలు మన అంగళ్ళలోని అంకెలు కావు. ఆ తేడా తెలియక నేను మీ పెద్దమ్మకు పంపిన మొదటి జత చెప్పులు పక్కింటి పిల్లవాడికి సరిపోయాయి.

ఇక ఓడలో పంపాలా, విమానంలో పంపాలా అన్నది. షువైఖ్ రేవు నుంచి ఓడలో వచ్చే సరుకు మన ఊరు చేరడానికి నెల దాటుతుంది, ఒక్కోసారి రెండు నెలలు కూడా పడుతుంది. కనుక సంక్రాంతికి అందాలంటే నవంబరు మొదటి వారానికల్లా పెట్టె నీ చేతి నుంచి పోవాలి. ఓడ చవక, విమానం ప్రియం అని అందరూ చెబుతారు గానీ, విమానంలో బరువును ఎట్లా లెక్కగడతారో ఎవరూ చెప్పరు. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో హెచ్చవేసి 6000తో భాగిస్తారు, కొరియర్ వాళ్ళయితే సాధారణంగా 5000తో భాగిస్తారు. అట్లా వచ్చిన అంకె, కాటా మీద తూగిన బరువు, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దానికి డబ్బు కట్టాలి. 60 సెంటీమీటర్ల పొడవు, 50 వెడల్పు, 45 ఎత్తు ఉన్న పెట్టెలో నువ్వు ఐదు కిలోల దుప్పటి ఒక్కటే పెట్టినా, 6000 లెక్కన ఇరవై రెండున్నర కిలోలకూ, 5000 లెక్కన ఇరవై ఏడు కిలోలకూ కట్టించుకుంటారు. అందువల్ల దుప్పట్లను ఓడకు ఇవ్వడమే న్యాయం. విమానంలో పంపక తప్పని పక్షంలో దుప్పటిలోని గాలినంతా పిండి చుట్టి, చిన్న పెట్టెలో బిగించాలి.

చాక్లెట్ల విషయంలో కాలం చూసుకో. 2016 జూలై 21న కువైట్‌లోని మిత్రిబాలో 53.9 డిగ్రీల ఎండ కాసినప్పుడు నేను అక్కడే ఉన్నాను, ఆ ఎండలో గోదాము ముందు నిలిచిన లారీలో ఏమి మిగులుతుందో నీకు చెప్పనవసరం లేదు. ఇటు మన కడప ఎండాకాలమూ తక్కువది కాదు. నవంబరు నుంచి ఫిబ్రవరి లోపల పంపితే ఫరవాలేదు గానీ, అప్పుడు కూడా ఓడలో కాకుండా ఊరికి వచ్చేవాళ్ళ చేతికి ఇచ్చి పంపడం మేలు. ఒకవేళ చాక్లెట్ మీద తెల్లని పొర కనబడితే బూజు పట్టిందని మీ అమ్మ పారవేయకుండా ముందే చెప్పి ఉంచు. వేడికి కరిగిన కొవ్వు పైకి తేలి గడ్డకడితే అట్లా కనబడుతుంది, తినవచ్చు. ఖర్జూరంలో మెత్తగా రసం కారేవి ఓడలో పులుస్తాయి, కాబట్టి ఎండు రకం తీసుకో.

పెట్టడానికి వీల్లేనివి కొన్ని ఉన్నాయి. పవర్ బ్యాంకులు, విడి బ్యాటరీలు, సిగరెట్ లైటర్లు, గోళ్ళ రంగు, గ్యాసుతో చిమ్మే స్ప్రే డబ్బాలు పెట్టవద్దు. స్పిరిట్ కలిసిన సెంటు మంటకు అంటుకునే సరుకు కనుక కార్గో వాళ్ళను అడగకుండా ఒక్క సీసా కూడా పెట్టవద్దు. ఎక్స్‌రేలో ఒక్కటి కనబడినా పెట్టె మొత్తం ఆగిపోతుంది. ఎలక్ట్రానిక్ సిగరెట్లను మన దేశం 2019లోనే నిషేధించింది. బంగారం, డబ్బు, పాస్‌పోర్టు, సర్టిఫికెట్లు ఏ పరిస్థితిలోనూ పెట్టెలోకి రాకూడదు.

సుంకం గురించి పాతకాలపు మాటలు చెప్పేవాళ్ళు గదిలో చాలామంది ఉంటారు. ఐదు వేల రూపాయల లోపు కానుకలకు సుంకం లేదనే మాట ఒకప్పుడు నిజమే. కానీ 2019 డిసెంబరులో ఆ వెసులుబాటును ఎత్తివేశారు. తపాలా ద్వారా గానీ కొరియర్ ద్వారా గానీ కానుక పేరుతో వచ్చేవాటిలో రాఖీలకూ, ప్రాణాధార మందులకూ మాత్రమే మినహాయింపు మిగిలింది, తక్కినవాటికి సుంకం పూర్తిగా కట్టాలి. కనుక కార్గో వాడు కిలోకు ఇంత అని చెప్పినప్పుడు అందులో సుంకం కలిసి ఉన్నదా, కడపలో ఇంటి గుమ్మం దగ్గర మళ్ళీ ఏమైనా అడుగుతారా అని సూటిగా అడిగి, ఆ మాటను రసీదు మీద రాయించుకో. నీ బతాకా (కువైట్ గుర్తింపు కార్డు) నకలు, మీ నాయన ఆధార్ నకలు, పిన్‌కోడుతో సహా చిరునామా, ఆయన ఫోను నంబరు సిద్ధంగా పెట్టుకో.

ఇంకొక ముఖ్యమైన మాట. నువ్వు ఒక ఇంట్లో డ్రైవరుగా ఉంటున్నావు. మీ మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, పాత ఫోనో, పిల్లల బట్టలో, గిన్నెలో ఇస్తే సంతోషంగా తీసుకో, అయితే పెట్టె మూయడానికి ముందు ఆమెకో, ఇంటి యజమాని బాబాకో ఒకసారి చూపించు. ‘మీరిచ్చినవి ఇవి, నేను కొన్నవి ఇవి’ అని చెప్పడంలో చిన్నతనమేమీ లేదు. పెట్టె పోయిన నెలకు ఆ ఇంట్లో ఏదైనా వస్తువు కనబడకపోతే మొదట గుర్తుకొచ్చేది నీ పెట్టే. అట్లాగే, ‘నీ పెట్టెలో కాస్త చోటుంటే ఈ పొట్లం పెట్టు’ అని ఎవరు అడిగినా, వాళ్ళు మన ఊరివాళ్ళే అయినా సరే, విప్పి చూడకుండా పెట్టవద్దు. విప్పడానికి ఒప్పుకోకపోతే అసలే పెట్టవద్దు.

కట్టడం దగ్గరకు వద్దాం, నాకు బాగా చేతనైన పని ఇదే. అట్టపెట్టె ఐదు పొరలదో ఏడు పొరలదో కొత్తది కొను. జమీయా వెనుక పారవేసిన అరటిపండ్ల పెట్టెలు ఊరికే వస్తాయని తెచ్చుకోవద్దు, వాటికి గాలి రంధ్రాలుంటాయి, చెమ్మ తగిలితే అడుగు ఊడుతుంది. అడుగున టేపును నడిమి చీలిక మీదా, రెండు అంచుల మీదా అంటించు. బరువైనవి అడుగున, సుకుమారమైనవి నడుమ, చుట్టూ తువ్వాళ్ళూ బట్టలూ కూరితే వేరే స్పాంజి కొనే పని ఉండదు. మూసే ముందు పెట్టెను రెండు చేతులతో ఊపి చూడు, లోపల ఏది కదిలినా విప్పి మళ్ళీ సర్దు. నూనె సీసా మూత తీసి, మూతి మీద పలుచని ప్లాస్టిక్ కాగితం పరిచి, మూత బిగించి, టేపు చుట్టి, రెండు సంచులలో వేసి నిలువుగా నిలబెట్టు. సబ్బులను తినే వస్తువులతో కలపవద్దు. నేను ఒకసారి టీపొడి పక్కన సబ్బులు పెట్టి పంపితే, మీ పెద్దమ్మ నెల రోజుల పాటు వచ్చిన చుట్టాలందరికీ మల్లెపూల వాసన వచ్చే టీ పోసింది.

చెప్పులకు చుట్టడానికి అరబ్బీ పత్రికలను వాడవద్దు. వాటిలో దేవుని పేరు ఉంటుంది. అక్కడి వాళ్ళు చూస్తే నొచ్చుకుంటారు, ఇక్కడ మన వీధిలోని సాయిబులు చూసినా నొచ్చుకుంటారు.

లోపల ప్రతి మనిషిదీ వేరే సంచిలో పెట్టి, పైన పేరు రాయి. పెట్టె విప్పేటప్పుడు ఇల్లంతా చుట్టూ కూర్చుంటుంది, పక్కింటివాళ్ళు కూడా వచ్చి గడప దగ్గర నిలబడతారు. పేర్లు లేకపోతే పంచే బాధ్యత మీ అమ్మ మీద పడుతుంది, ఎవరికి తక్కువైనా ఆ మాట ఆమెకే తగులుతుంది. మీ చిన్నాయన ఇంటికి పావుకిలో బాదం పెట్టినా చాలు గానీ, ఆ ఇంటి పేరు మీద ఒక సంచి మాత్రం తప్పకుండా ఉండాలి. జేజి సంచి అన్నిటికంటే పైన ఉండేటట్లు సర్దు.

పెట్టె మూసిన తర్వాత కార్గో వాళ్ళు పైన పట్టా సంచి తొడిగి కుడతారు. ఆ కుట్టు నువ్వే వేసుకో, ఒక దబ్బనం, కాస్త పురికొస ఉంటే అరగంట పని. నేను ఎప్పుడూ ఎర్రదారంతో కుట్టేవాణ్ణి. ఒక ఏడాది నేను ఎర్రదారంతో కుట్టి పంపిన పెట్టె ఇంటికి తెల్లదారం కుట్టుతో చేరింది. విప్పితే మూడు చేతిగడియారాలు లేవు, వాటి చోట బరువుకు సరిపడా ఇటుకముక్క ఉంది. దారం రంగు మారిందని మీ పెద్దమ్మ గుమ్మంలోనే పట్టుకున్నది కనుక, తెచ్చినవాడి ముందరే విప్పించి రాయించుకోగలిగింది, తర్వాత సగమైనా పరిహారం వచ్చింది. ఏ రంగు దారంతో కుట్టావో మీ అమ్మకు ముందే చెప్పు, కుట్టును నాలుగు వైపులా ఫోటో తీసి పంపు, సంతకం పెట్టకముందే సరిచూసుకోమను.

జాబితాను మూడు ప్రతులు రాయి. ఒకటి కార్గో వాళ్ళకు, ఒకటి పెట్టె లోపల అన్నిటికంటే పైన, మూడోది నీ దగ్గర. ధరలు ఉన్నవి ఉన్నట్టే రాయి, తగ్గించి రాస్తే పోయినప్పుడు ఆ తగ్గించిన లెక్కకే డబ్బు ఇస్తారు. 1990లో నేను ఒక పెద్ద పెట్టె కట్టి, శుక్రవారం కార్గోకు ఇద్దామని మంచం పక్కన పెట్టుకున్నాను. గురువారం, ఆగస్టు 2న, తెల్లవారేసరికి ఇరాక్ సైన్యం ఊళ్ళో ఉంది. తర్వాత కొన్ని వారాలకు బాగ్దాదు మీదుగా జోర్డాన్‌లోని అమ్మాన్ చేరి, మన ప్రభుత్వం పంపిన విమానంలో ఒంటి మీది బట్టలతో వచ్చాను. పెట్టె అక్కడే పోయింది, చొక్కా జేబులో జాబితా మిగిలింది. టేప్ రికార్డరు ఒకటి, చీరలు నాలుగు, పాలపొడి డబ్బాలు ఆరు, మీ నాయనకు ఒక టార్చిలైటు. ఆ కాగితం ఇప్పటికీ బీరువాలో ఉంది, మీ పెద్దమ్మ పారవేయనివ్వదు.

నాకేమి కావాలని మీ అమ్మతో అడిగించావు. నా సంచిలో ఏమీ పెట్టవద్దంటే నువ్వు వినవు కాబట్టి చెబుతున్నాను. కువైట్‌లోని ముబారకియా సూక్ (బజారు)లో మసాలా దినుసుల అంగళ్ళలో నల్లగా ఎండిన నిమ్మకాయలు అమ్ముతారు, లూమీ అంటారు, బియ్యంతో మాంసం వండేటప్పుడు వేస్తారు. ముప్పై ఏళ్ళు చేత్తో చిదిమి వేసినవాణ్ణి, కడపలో ఎంత వెదికినా దొరకలేదు. పావుకిలో చాలు, బరువు కూడా ఉండదు. చేత్తో ఊపితే లోపల గింజలు గలగలమనేవి ఏరుకో. జాబితాలో రాయడం మరిచిపోవద్దు.

ఇట్లు,
ఆశీస్సులతో
పెదనాయన