పావుకిలో ప్యాకెట్లో ఎన్ని జీడిపప్పు గుళ్లున్నాయో ముందు లెక్కపెట్టండి

ప్రశ్న: మాది పలాస పక్కనే ఉన్న కాశీబుగ్గ. శ్రీకాకుళంలో బీకాం ఆఖరి ఏడాది చదువుతున్నాను. నాన్న చాలాకాలం ఒక జీడి ఫ్యాక్టరీలో గ్రేడింగ్ చూశారు. నాలుగేళ్లుగా ఫ్యాక్టరీల దగ్గర పప్పు కొని, ఇంట్లో మళ్లీ ఏరించి, టెక్కలి, శ్రీకాకుళం షాపులకు లూజుగా వేస్తున్నారు. దీన్ని సొంత బ్రాండుగా చేయాలని నా కోరిక. లోగో, వెబ్‌సైట్, ఇన్‌స్టాగ్రామ్ అన్నీ చేసిపెట్టడానికి విశాఖలో ఒక ఏజెన్సీ లక్షా ఇరవై వేలు అడిగింది. ‘మా తోట నుంచి మీ ఇంటికి’ అనే లైను కూడా వాళ్లే ఇచ్చారు. మా తోట తిత్లీ తుపానులో పోయింది, కానీ లైను బాగుంది. నాన్నేమో ఎంబీఏ చేసి ఉద్యోగం చూసుకోమంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన మాట ‘కానీ లైను బాగుంది’ అన్నది. ఎంబీఏ సంగతి తర్వాత. ముందు ఆ లైను సంగతి చూద్దాం.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను తీరం దాటినప్పుడు ఉద్దానంలో జీడి, కొబ్బరి తోటల గతి ఏమైందో మీకు నేను చెప్పక్కర్లేదు. అసలు తుపానుకు ముందు కూడా పలాస ఫ్యాక్టరీలకు మన పిక్క ఒక్కటే చాలేది కాదు. ఆఫ్రికా దేశాల నుంచి ఓడల్లో దిగిన పిక్క ఇక్కడికి వచ్చి పప్పుగా మారి ‘పలాస జీడిపప్పు’ అవుతోంది. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఉడికించడం, పగలగొట్టడం, ఆరబెట్టడం, పొట్టు తీయడం, ఏరడం అన్నీ పలాసలోనే జరుగుతాయి. ఆ పనితనానికే ఊరికి పేరొచ్చింది. ఈ సంగతి కాశీబుగ్గలో చిన్నపిల్లాడికైనా తెలుసు, హైదరాబాద్‌లో కొనేవాళ్లకు తెలియదు. వాళ్లకు తెలియదన్న ధీమా మీదే ఏజెన్సీ ఇచ్చిన లైను నిలబడి ఉంది. పాపం వాళ్లనీ అనలేం, జీడిపిక్కల బస్తా ఎప్పుడైనా చూశారో లేదో. రేపు మీ కస్టమరు ఒకరు అరసవల్లి, శ్రీకూర్మం దర్శనాలు చేసుకుని, ‘అలాగే మీ తోట కూడా చూసి వెళ్తాం’ అని ఫోన్ చేశారనుకోండి. ఏం చూపిస్తారు?

చూపించడానికి మీ దగ్గర అంతకన్నా మంచిదే ఉంది. ఎన్నో ఏళ్లు గ్రేడింగ్ చేసిన మీ నాన్నగారి చెయ్యి. పప్పును గుప్పిట్లోకి తీసుకుని ఇది ఏ నంబరో, ఇందులో ఎంత కలిసిందో చెప్పేవాళ్లు పలాసలో ఉన్నారు. మీ ఇంట్లోనే ఒకరున్నారు. ‘పలాసలో మా నాన్న దగ్గరుండి ఏరించిన పప్పు’ అని రాయండి. ఏజెన్సీ లైనంత తళుకు లేకపోయినా, ఎవరొచ్చి అడిగినా తలుపు తీసి చూపించొచ్చు. పొందూరు ఖద్దరు సంగతే తీసుకోండి. వాలుగ చేప దవడతో పత్తిని దువ్వుతారని చెబితే ఎవరూ నమ్మరు. వెళ్లి చూస్తే నిజంగానే దువ్వుతూ కనిపిస్తారు. చూసొచ్చినవాళ్లు ఆ మాట జన్మలో మరిచిపోరు.

ఇప్పుడు గ్రేడు గురించి. 320 రకం అంటే పౌనుకు, అంటే 454 గ్రాములకు, 300 నుంచి 320 గుళ్లు, అంటే ముక్కలు కాని నిండు పప్పులు, తూగే రకం. 240 అంటే 220 నుంచి 240. అంకె చిన్నదైతే గుడ్డు పెద్దది. మీకిది తెలుసు, కొనేవాళ్లలో ఎక్కువమందికి తెలియదు. లెక్క కట్టి చూడండి. పావుకిలో ప్యాకెట్లో 320 రకమైతే 165 నుంచి 176 గుళ్లు రావాలి. 240 రకమైతే 121 నుంచి 132. నేనైతే ఈ అంకెను ప్యాకెట్ మీదే వేయిస్తాను. ‘ఇందులో 320 రకం గుళ్లున్నాయి. 176కి మించి లెక్కకొస్తే ఫోన్ చేయండి’ అని, కింద నంబరు. ‘ప్రీమియం’, ‘స్పెషల్’, ‘రాయల్’ లాంటి మాటలు ఎవరైనా వేసుకుంటారు. లెక్కపెట్టి చూసుకోమని చెప్పాలంటే మాత్రం ముందు మనం లెక్కపెట్టి ఉండాలి. అందుకే వాటి కన్నా ఈ అంకెకే విలువ ఎక్కువ.

ఇది ఇంత గట్టిగా చెప్పడానికి నాకొక చేదు అనుభవం ఉంది. మా అమ్మాయి పెళ్లికి వియ్యాలవారికి ఇవ్వడానికని ఒక షాపులో పది ప్యాకెట్లు తీసుకున్నాను. పైకి కనిపించే పప్పంతా బొద్దుగా, తెల్లగా ఉంది. రెండేళ్ల తర్వాత మా వియ్యపురాలు ఏదో మాటల్లో నవ్వుతూ అన్నారు, ‘అన్నయ్యగారూ, మీరిచ్చిన పప్పులో పైన గుళ్లు, అడుగున బద్దలూ నూకా’ అని. రెండేళ్లు ఆవిడ ఆ మాట కడుపులోనే దాచుకున్నారు. నేను ఆ షాపుకి వెళ్లి గొడవ పడలేదు, మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు, అంతే. ఒక బేరం పోయిందని ఆ షాపతనికి ఈనాటికీ తెలియదు. ఫిర్యాదు చేసే కస్టమరు మీకు ఊరికే పాఠం చెబుతున్నట్టే. టెన్షన్ పడాల్సింది మాట్లాడకుండా వెళ్లిపోయేవాళ్ల గురించి. అందుకే ప్యాకెట్ మీద ఫోన్ నంబరు కంటికి కనిపించేంత పెద్దగా ఉండాలి. ఆ ఫోన్ ఎవరో ఒకరు ఎత్తాలి కూడా.

అసలు పరీక్ష మూడో నెలలోనో, దసరా ముందు ధర ఎగబాకినప్పుడో వస్తుంది. మీ దగ్గర 240 నిండుకుంటుంది, అదే ధరకి మార్కెట్లో దొరకదు. ఆర్డర్లేమో చేతిలో ఉంటాయి. కొంచెం 320 కలిపితే ఎవరికి తెలుస్తుంది అనిపిస్తుంది. అప్పుడు చేయదగినవి రెండే. ధర పెంచి, పెరిగిందని ముందే వాట్సాప్‌లో చెప్పడం. లేదంటే ‘ఈ వారం 240 లేదు, 320 ఉంది, కావాలా?’ అని అడగడం. కొంతమంది విసుక్కుంటారు, కొన్ని ఆర్డర్లు పోతాయి. పోనివ్వండి. వానాకాలంలో ఇంకో తంటా, పప్పు మెత్తబడుతుంది. తేమ 5 శాతం దాటితే నిల్వ ఉండదు, కొన్నాళ్లకు ముక్కిన వాసన వేస్తుంది. ప్రతి బ్యాచ్ నుంచి ఒక ప్యాకెట్ ఇంట్లోనే పక్కన పెట్టి, తేదీ రాసి, నెలకోసారి కొరికి చూడండి. నోటుపుస్తకంలో బ్యాచ్ నంబరు, పప్పు ఏ ఫ్యాక్టరీ నుంచి వచ్చింది, ఎప్పుడు ప్యాక్ చేశారు, ఎవరెవరికి వెళ్లింది రాసుకోండి. ఎవరైనా ఫోన్ చేసి తిడితే ఏ బస్తాదో రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

కాగితాల పని పెద్ద కష్టం కాదు. తినే సరుకు అమ్మడానికి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నంబరు కావాలి, 14 అంకెలుంటుంది. ప్యాకెట్ మీద బరువు, ఎమ్మార్పీ, ప్యాక్ చేసిన తేదీ, ఎప్పటిలోగా వాడాలి, బ్యాచ్, చిరునామా, శాకాహార గుర్తు తప్పనిసరి. చిన్న వ్యాపారాల నమోదుకు ఉండే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, ఎవరైనా డబ్బులడిగితే అది సర్కారు సైటు కాదని గ్రహించండి. ట్రేడ్‌మార్కుకి సొంతంగా ఆన్‌లైన్లో దరఖాస్తు చేసుకుంటే ఒక క్లాసుకి 4,500 రూపాయలు, జీడిపప్పుది 29వ క్లాసు. ఒక హెచ్చరిక. ‘పలాస జీడిపప్పు’ లాంటి పేరును మీ ఒక్కరి సొత్తు చేసుకోవడం కుదరదు, అది ఊరి పేరు, సరుకు పేరు. ఇంటిపేరో, నానమ్మ పేరో, మీదే అయిన మాటేదో వెతకండి. ఒకసారి పెట్టాక మాటిమాటికీ మార్చకండి. రంగు, అక్షరాలు, సంచి కూడా అంతే. సామాన్లు కొనడానికి వచ్చినవాళ్లు ‘ఆ పచ్చ సంచి పప్పు ఇవ్వండి’ అనే రోజు వచ్చిందాకా ఆగండి. ఏడాదికోసారి డిజైన్ మారిస్తే ఆ రోజు రాదు.

ఇక లక్షా ఇరవై వేలు. ఇప్పుడు వద్దు. పదిహేను, ఇరవై వేలతో మంచి పౌచ్‌లు, సీలింగ్ మెషీన్, కాటా, లేబుళ్లు పెట్టుకుని, తెలిసిన ముప్పై ఇళ్లకు ఆరు నెలలు వేయండి. ముప్పైలో ఎన్ని ఇళ్లు రెండోసారి అడిగాయి, ఎన్ని మూడోసారి అడిగాయి అన్నది రాసిపెట్టుకోండి. సగం ఇళ్లయినా మళ్లీ అడగకపోతే ఎంత ఖరీదైన లోగో అయినా ఆదుకోదు. అడిగితే ఏజెన్సీ దగ్గరికి అప్పుడు వెళ్దురుగాని. అప్పటికి ఏం చేయించుకోవాలో మీకే తెలుస్తుంది, బేరమాడే బలమూ ఉంటుంది.

నాన్నగారి భయం కూడా అర్థం చేసుకోండి. ఆయన జీడి ధర పడిపోవడం చూశారు, తుపాను చూశారు, అప్పులూ చూసే ఉంటారు. ఆయన్ని మాటలతో ఒప్పించలేరు, ఆ ముప్పై ఇళ్ల లెక్క చూపించి ఒప్పించండి. చదువు విషయంలో నా అభిప్రాయం వేరే. డిగ్రీ అవగానే ఎంబీఏలో చేరే బదులు, ఏదైనా ఆహార వస్తువుల కంపెనీలో ఏడాది సేల్స్ ఉద్యోగం చేస్తే సరుకు షాపు అలమరా దాకా ఎలా వెళ్తుందో, ఎలా వెనక్కి వస్తుందో తెలుస్తుంది. ఎంబీఏ ఆ తర్వాతా చేయొచ్చు, అప్పుడు క్లాసులో చెప్పేది బుర్రకెక్కుతుంది. ఉద్యోగానికి బయటి ఊరు వెళ్లలేకపోతే ఆర్‌సెటి (బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థ) శిక్షణ ఉంది. గ్రామీణ యువతకు ఉచితం, వసతి, భోజనం వాళ్లే చూస్తారు. మీ జిల్లా కేంద్రాన్ని కనుక్కోండి.

ఎంబీఏ ప్రవేశ పరీక్ష ఐసెట్ మాత్రం ఈ ఏడాది రాసేయండి. ర్యాంకు వచ్చాక కూడా సీటు వద్దనుకోవచ్చు, నాన్నగారికీ కొంత నెమ్మదిగా ఉంటుంది.