తెర మీది చీకటి: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: అంతరిక్ష యాత్రల మీద తీసిన డాక్యుమెంటరీలంటే నాకు ప్రాణం. చవకగా తీసిన దెయ్యం సినిమాలూ అంతే ఇష్టంగా చూస్తాను. ఒకటేమో విజ్ఞానం, ఇంకోటేమో భయం, ఈ రెండూ ఒకే మనిషికి ఎలా నచ్చుతాయని ఇంట్లో అడుగుతుంటారు. వీటి మధ్య నిజంగా ఏమైనా చుట్టరికం ఉందా?

జవాబు: ఉంది, దగ్గరి చుట్టరికమే. 1969 జూలైలో చంద్రుడి మీది నుంచి వచ్చిన ప్రత్యక్ష ప్రసారాన్ని ఒకసారి తలుచుకోండి. బూడిదరంగు తెర, నిచ్చెన దిగుతున్న నీడలాంటి ఆకారం, అది కదిలినప్పుడల్లా వెనకే సాగే మసక జాడ. ఆ కెమెరా పంపింది సెకనుకు 10 ఫ్రేములే, ఒక్కో ఫ్రేములో 320 గీతలే. దాన్ని మామూలు టీవీ ప్రసారంగా మార్చడానికి భూమి మీద ఒక మానిటర్ ఎదురుగా ఇంకో టీవీ కెమెరా పెట్టి తీశారు. ఆ మార్పిడిలో బొమ్మ మరింత పాడైంది. అయినా జనం ఊపిరి బిగబట్టి చూశారు. పాడైన బొమ్మకు సాక్ష్యం చెప్పే గుణం ఉంటుంది. ముస్తాబు చేసే తీరిక లేని చోట తీసినది కాబట్టి నిజమే అయ్యుంటుందని మనసు ఒప్పుకుంటుంది.

1999లో వచ్చిన 'ది బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్' అనే హారర్ సినిమా నిలబడింది ఈ నమ్మకం మీదే. నటులే హై8 వీడియో కెమెరా, 16 ఎంఎం కెమెరా మోసుకుంటూ అడవిలో సుమారు 8 రోజుల్లో తీశారు. మంత్రగత్తె ఒక్క ఫ్రేములో కూడా కనపడదు. ఇక వాయేజర్ 1 అంతరిక్ష నౌక సంగతి చూడండి. 1990 ఫిబ్రవరి 14న దాదాపు 600 కోట్ల కిలోమీటర్ల దూరం నుంచి అది తీసిన ఫొటోలో భూమి ఒక్క పిక్సెల్ కూడా నిండలేదు. ఆ ఫొటోలో చూడ్డానికి ఏమీ లేదు, అయినా కళ్ళు తిప్పుకోలేం. కెమెరా చూపు ఆగిపోయిన చోట నుంచి మన చూపు మొదలవుతుంది. రెండు రకాల సినిమాల్లోనూ మీకు నచ్చుతున్నది ఆ అంచే. డబ్బు బాగా ఉన్న హారర్ దెయ్యాన్ని తెచ్చి ముందు నిలబెడుతుంది, డబ్బు బాగా ఉన్న డాక్యుమెంటరీ కంప్యూటర్ గ్రాఫిక్స్‌తో గ్రహం చుట్టూ తిప్పుతుంది. మా దృష్టిలో రెండూ ఒకే తప్పు చేస్తాయి. 2019లో వచ్చిన 'అపోలో 11' డాక్యుమెంటరీలో వ్యాఖ్యాత గొంతు లేదు, కొత్తగా తీసిన ఇంటర్వ్యూ ఒక్కటీ లేదు. అప్పటి ఫిల్మూ, అప్పటి మాటలే. ఫలితం తెలిసిన కథే అయినా దిగే ఘట్టంలో అరచేతులు చెమర్చుతాయి.

ప్రశ్న: మా టీవీలో రాత్రి దృశ్యాలన్నీ గళ్ళు గళ్ళుగా, బూడిదరంగు మరకలుగా కనిపిస్తున్నాయి. నక్షత్రాల ఆకాశమూ అంతే. పైగా మాటలు వినపడక సౌండు పెంచితే మరుక్షణమే అరుపుకి ఇల్లు అదిరిపోతోంది. టీవీ మార్చాలా?

జవాబు: వద్దు. ముందు సెట్టింగులు చూడండి.

గళ్ళు సగం టీవీ చలవ, సగం స్ట్రీమింగ్ చలవ. మామూలు 8 బిట్ వీడియోలో వెలుగుకు 0 నుంచి 255 దాకా మెట్లుంటాయి, నలుపు 16 దగ్గర మొదలై తెలుపు 235 దగ్గర ముగుస్తుంది. చీకటి దృశ్యమంతా ఇందులో అడుగున ఉన్న కొద్ది మెట్లలోనే ఇరుక్కుంటుంది. అది చాలదన్నట్టు, వీడియోను కుదించే సాఫ్ట్‌వేర్ చీకటి భాగాల్లో ఎవరూ గమనించరులే అని డేటా మిగుల్చుకుంటుంది. అక్కడే గళ్ళు పడతాయి. స్ట్రీమింగ్‌లో 1080పి బొమ్మ సాధారణంగా సెకనుకు 5 మెగాబిట్ల అటూ ఇటూగా వస్తుంది. బ్లూరే డిస్కు వీడియోకు 40 దాకా ఇవ్వగలదు. అందుకే అదే సినిమా డిస్కులో చూస్తే చీకటి మెత్తగా, నిండుగా ఉంటుంది. స్ట్రీమింగే దిక్కయితే యాప్‌లో నాణ్యతను 'ఆటో'లో వదలకుండా పైమెట్టుకు పెట్టండి, వీలైతే టీవీకి నేరుగా ఇంటర్నెట్ కేబుల్ ఇవ్వండి.

ఇక టీవీలో పిక్చర్ మోడ్‌ను 'సినిమా' లేదా 'ఫిల్మ్‌మేకర్'కు మార్చండి. 'వివిడ్' మోడ్ చీకటిని బలవంతంగా వెలిగించి గళ్ళను బయటపెడుతుంది. మోషన్ స్మూతింగ్, డైనమిక్ కాంట్రాస్ట్ ఆపేయండి. చాలా టీవీల్లో 'బ్రైట్‌నెస్' అనేది వెలుగును కాదు, నలుపు మట్టాన్ని మారుస్తుంది. వెలుగు 'బ్యాక్‌లైట్' చేతిలో ఉంటుంది. పైనా కిందా నల్ల పట్టీలు వచ్చే సినిమా పెట్టి, గదిలో దీపాలార్పి, పట్టీలు బూడిదరంగుకు తిరిగేదాకా బ్రైట్‌నెస్ పెంచండి. తర్వాత ఒక్కో అంకే తగ్గిస్తూ అవి మళ్ళీ నల్లబడగానే ఆగండి. ఇంకా తగ్గిస్తే నల్ల చొక్కా మీది ముడతలు మాయమవుతాయి. ప్లేయర్ గానీ కంప్యూటర్ గానీ హెచ్‌డీఎంఐలో కలిపి ఉంటే, రెండు వైపులా రేంజ్ (నలుపు నుంచి తెలుపు దాకా మెట్ల పరిధి) ఒకటే ఉందో లేదో చూడండి. ఒకటి 'ఫుల్', ఇంకోటి 'లిమిటెడ్' అయితే నలుపు వెలిసిపోవడమో, ముద్దగా మారడమో తప్పదు.

సౌండుది వేరే జబ్బు. టీవీకి రెండే స్పీకర్లుండి మీరు 5.1 ట్రాక్ (ఆరు స్పీకర్ల కోసం చేసినది) ఎంచుకుంటే, మధ్య స్పీకరుకు రాసిన మాటలు మిగతా హోరులో కలిసిపోతాయి. స్టీరియో ట్రాక్ ఉంటే దానికి మారండి. 'నైట్ మోడ్' పెద్ద శబ్దాన్ని తొక్కి చిన్నదాన్ని లేపుతుంది. పిల్లలు పడుకున్నప్పుడు పనికొస్తుంది కానీ హారర్‌కు అది విషం. నిశ్శబ్దానికీ అరుపుకీ మధ్య ఉన్న ఎత్తే ఆ సినిమాకు ఆయువు. ఇంట్లో ఇబ్బంది అనుకుంటే చెవులను పూర్తిగా కప్పే హెడ్‌ఫోన్లు పెట్టుకోండి.

ప్రశ్న: డాక్యుమెంటరీల్లో నెబ్యులాల రంగులు నిజమైనవేనా? అంతరిక్షంలో గాలి లేదంటారు, మరి 'బ్లాక్ హోల్ శబ్దం' అని వినిపించేది ఏమిటి?

జవాబు: అబద్ధాలు కావు, అనువాదాలు. హబుల్ లాంటి టెలిస్కోపు కెమెరా తీసేది నలుపు తెలుపు బొమ్మే. దాని ముందు ఒక్కో ఫిల్టర్ (ఒక రకం కాంతినే పోనిచ్చే అద్దం) మారుస్తూ విడివిడిగా తీసి, ఒక్కోదానికి ఒక్కో రంగిచ్చి కలుపుతారు. 1995 నాటి 'పిల్లర్స్ ఆఫ్ క్రియేషన్' చిత్రంలో గంధకం వెలుగుకు ఎరుపు, హైడ్రోజన్‌కు ఆకుపచ్చ, ఆక్సిజన్‌కు నీలం ఇచ్చారు. అసలైతే హైడ్రోజన్ 656 నానోమీటర్ల దగ్గర, గంధకం 672 దగ్గర వెలుగుతాయి. కంటికి రెండూ ఎరుపే. వాటిని విడదీసి చూపాలనే హైడ్రోజన్‌ను పచ్చగా మార్చారు. జేమ్స్ వెబ్ పట్టేది ఎక్కువగా మన కంటికి ఆనని పరారుణ కాంతి. అందులో పొడవు తరంగాలకు ఎరుపు వైపు, పొట్టివాటికి నీలం వైపు రంగులిస్తారు. మంచి డాక్యుమెంటరీ ఈ ముక్క ఒక్క వాక్యంలోనైనా చెబుతుంది. చెప్పనిదాన్ని మేం కాస్త అనుమానంగానే చూస్తాం.

ఇక 'బ్లాక్ హోల్ శబ్దం' అంటూ 2022లో నాసా విడుదల చేసిన పెర్సియస్ గెలాక్సీ గుంపు శబ్దానికి ఆధారం నిజమైనదే. అక్కడి వేడి వాయువులో ఒత్తిడి అలలున్నాయి. కానీ మనకు వినపడాలంటే వాటి స్థాయిని 57, 58 ఆక్టేవులు (ఒక్కో ఆక్టేవుకు కంపనాల వేగం రెట్టింపు) పైకి లేపాల్సి వచ్చింది. నేరుగా మైక్‌తో పట్టినవి కావాలంటే అంగారకుడి మీది పర్సివరెన్స్ రోవర్ రికార్డింగులు వినండి. అక్కడి పలచని కార్బన్ డయాక్సైడ్‌లో శబ్దం సెకనుకు సుమారు 240 మీటర్లే నడుస్తుంది. గాలి చప్పుడు గోడవతల నుంచి వస్తున్నట్టు మందంగా ఉంటుంది. ఏ హారర్ సౌండ్ డిజైనరైనా అసూయపడే శబ్దం అది.

ప్రశ్న: చంద్రయాత్ర మీద ఏది చూసినా, రాకెట్ నుంచి ఒక ఉంగరంలాంటి భాగం విడిపోయి కిందికి తిరుగుతూ పడిపోయే షాట్ తప్పకుండా ఉంటోంది. అన్నీ ఒకటేనా?

జవాబు: మీ కన్ను చురుకైనది. అవి అపోలో 4 (1967), అపోలో 6 (1968) అనే మానవరహిత ప్రయోగాల్లో తీసినవి. రాకెట్ లోపల అమర్చిన ఫిల్మ్ కెమెరాలు పని ముగించుకుని పారాచూట్లతో సముద్రంలో పడితే ఏరి తెచ్చారు. ఆ తర్వాత యాత్ర ఏదైనా అందరూ ఈ షాట్‌నే వాడుకున్నారు.

ప్రశ్న: మేం ముగ్గురం స్నేహితులం. ఫోనుతో 10 నిమిషాల హారర్ తీయాలనుకుంటున్నాం. ఒక ఇల్లు, ఇద్దరు నటులు, రెండు రాత్రులు. ఎక్కడ దెబ్బతింటాం?

జవాబు: ఇల్లు ఒకటే అనుకోవడం మంచి పని. 'పారానార్మల్ యాక్టివిటీ' అనే హారర్ సినిమాను దర్శకుడు తన సొంత ఇంట్లోనే 7 రోజుల్లో, సుమారు 15,000 డాలర్లతో తీశాడు. అందులో పడకగది షాట్లను గమనించండి. స్టాండు మీద కదలని కెమెరా, వెడల్పు ఫ్రేము, సగం ఫ్రేములో ఎవరూ లేని గుమ్మం. ప్రేక్షకుడు ఆ ఖాళీని తనే తడుముకుంటాడు. దానికి పైసా ఖర్చు లేదు.

మొదటి దెబ్బ చీకటి దగ్గరే తగులుతుంది. చీకటి దృశ్యమంటే దీపాలార్పి తీయడం కాదు. అలా తీస్తే ఫోను ఐఎస్ఓను (వెలుగును పట్టే సున్నితత్వాన్ని) 1600, 3200కు లేపేస్తుంది, తెరంతా చీమలు పాకినట్టు నాయిస్ వస్తుంది, దాన్ని అప్‌లోడ్ చేస్తే పై ప్రశ్నలో చెప్పిన గళ్ళన్నీ ప్రత్యక్షం. ఒక ఎల్ఈడీ దీపాన్ని మనిషికి వెనకగా, పక్కకు, తల కంటే ఎత్తులో పెట్టండి. దీపం ముందు ఒక పలచటి తెల్ల గుడ్డ కట్టండి. భుజం, చెంప అంచు వెలిగితే చాలు, మిగతాది నల్లగా వదిలేయండి. మాన్యువల్ యాప్‌లో ఐఎస్ఓ 400 దాటనివ్వకండి, సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 1/50 సెకను. కరెంటు 60 హెర్ట్జ్ ఉన్న దేశాల్లో 1/60 పెట్టాలి, లేకపోతే బల్బులు రెపరెపలాడతాయి. ఫోకస్, ఎక్స్‌పోజర్ (లోపలికొచ్చే వెలుగు), వైట్ బ్యాలెన్స్ (రంగుల సర్దుబాటు) మూడూ లాక్ చేయండి. లాక్ చేయకపోతే దెయ్యం వచ్చే క్షణంలోనే ఫోను ఫోకస్ వెతుక్కుంటూ ఊగుతుంది.

ఆరుబయట రాత్రి కావాలంటే పగలే తీయండి. సూర్యుడు నటుల వెనక ఉండాలి, ఆకాశం ఫ్రేములోకి రాకూడదు, ఎక్స్‌పోజర్ ఒకటిన్నర నుంచి రెండు స్టాపులు (ఒక్కో స్టాపుకు వెలుగు సగమవుతుంది) తగ్గించి వైట్ బ్యాలెన్స్ 3200 కెల్విన్ దగ్గర పెడితే నీలిరంగు వెన్నెల వస్తుంది.

రెండో దెబ్బ సౌండు. బొమ్మ పాడైతే ప్రేక్షకుడు క్షమిస్తాడు, మాట వినపడకపోతే లేచిపోతాడు. చవక కాలర్ మైక్ ఇంకో ఫోనుకు తగిలించి, గడ్డానికి జానెడు కింద చొక్కా లోపల టేపుతో అంటించండి. ప్రతి టేకు ముందు ఒకసారి చప్పట్లు కొడితే ఎడిటింగ్‌లో రెండూ కలపడం తేలిక. ఫ్యాను, ఫ్రిజ్ ఆపేయండి. ఆపాక మీ బండి తాళాలు ఫ్రిజ్‌లోనే పెట్టండి. ఇంటికెళ్ళేముందు దాన్ని మళ్ళీ ఆన్ చేయడం మరిచిపోకుండా సినిమావాళ్ళు వాడే కిటుకు ఇది. ప్రతి గదిలో అందరూ కదలకుండా నిలబడి 30 సెకన్ల ఖాళీ శబ్దం రికార్డు చేయండి. దీన్ని రూమ్ టోన్ అంటారు. మాటల మధ్య అతుకులు కప్పేది ఇదే. ఇది లేకపోతే 'నిశ్శబ్దం' అనుకున్న చోట శబ్దం పుటుక్కున తెగిపోయి ప్రేక్షకుడికి సినిమా గుర్తొస్తుంది.

రక్తానికి ఒక కప్పు కార్న్ సిరప్ గానీ బేకరీవాళ్ళు వాడే లిక్విడ్ గ్లూకోజ్ గానీ తీసుకోండి. రెండు టేబుల్ స్పూన్ల గోరువెచ్చని నీళ్ళలో ఒక టీస్పూను కోకో పొడి ముందే ఉండల్లేకుండా కలిపి అందులో పోయండి. ఒక టేబుల్ స్పూను ఎర్ర ఫుడ్ కలర్, రెండు చుక్కల నీలం వేయండి. కోకో, నీలం మానేస్తే కెమెరాలో గులాబీ షర్బతులా కనిపిస్తుంది. రంగు బట్టలకూ చర్మానికీ పట్టేస్తుంది కాబట్టి ఒకే రకం చొక్కాలు రెండు మూడు ఉండాలి, రక్తం షాట్లు ఆఖరున పెట్టుకోవాలి. నేల మీద పడితే జారుతుంది, వెంటనే తుడవండి. ప్రతి షాట్ తర్వాత మరక ఎక్కడుందో ఫొటో తీసి ఉంచండి. నలుపు తెలుపులో తీస్తే ఇంత శ్రమ అక్కర్లేదు, చాక్లెట్ సిరప్ చాలు. 1968 నాటి 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్'లో వాడింది అదే.

ఇక దెయ్యం వేషం బాగా కుదిరింది కదా అని మొదటి నిమిషంలోనే చూపించకండి. 1974లో వచ్చిన 'డార్క్ స్టార్' అనే చిన్న అంతరిక్ష సినిమాలో గ్రహాంతరవాసి ఒక బీచ్ బంతి. నిండు వెలుతురులో కనపడుతుంది, జనం నవ్వుకున్నారు. దాని రచయితల్లో ఒకరైన డాన్ ఓబానన్ ఆ తర్వాత రాసిన కథే 1979 నాటి 'ఏలియన్'. అందులో జంతువు చాలాసేపు నీడల్లోనే తిరుగుతుంది.

రోజుకు మూడు నాలుగు పేజీలకు మించి తీయలేరు. పేజీకి ఒక నిమిషం లెక్కన మీకు రెండు రాత్రులు చాలవు, మూడో పూట ఒకటి దాచుకోండి. మొదలుపెట్టేముందు చుట్టుపక్కల ఇళ్ళకు చెప్పండి. అర్ధరాత్రి అరుపులు విని ఎవరైనా పోలీసులకు ఫోన్ చేస్తే మీ షూటింగ్ అక్కడితో సరి.

ప్రశ్న: మా హారర్ సినిమా మొదట్లో నాసా వీడియో ముక్క వాడుకోవచ్చా?

జవాబు: నాసా సొంతంగా తీసిన ఫొటోలు, వీడియోలకు సాధారణంగా కాపీరైట్ ఉండదు, వాడుకోవచ్చు. నాసా చిహ్నం మాత్రం వాడకూడదు, వాళ్ళ ఆమోదం ఉందన్నట్టు చూపకూడదు. వ్యోమగాముల ముఖాలు గుర్తుపట్టేలా ఉంటే వ్యాపార అవసరాలకు విడిగా అనుమతి కావాలి. వీడియో వెనక వినిపించే సంగీతం వేరేవాళ్ళది కావచ్చు, దాన్ని తీసేసి మీ సౌండు పెట్టుకోండి. ఐరోపా అంతరిక్ష సంస్థ నిబంధనలు వేరు, వాళ్ళ బొమ్మల కింద ఉన్న షరతులు విడిగా చదవండి. పాత ముక్క పక్కన మీ ఫోను బొమ్మ మరీ శుభ్రంగా కనిపిస్తే, మీ దాని మీద కొంచెం ఫిల్మ్ గ్రెయిన్ వేసి షార్ప్‌నెస్ తగ్గించండి. పాత ఫిల్మును శుభ్రం చేయబోకండి.