ముందు కొవ్వా, ముందు కండా: మేనకోడలికి ఒక ఉత్తరం

కావలి

పాపా,

నువ్వు ఒంగోలులో జిమ్‌లో చేరావని మొన్న మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. "ఆడపిల్లకు ఆ ఇనుము మొయ్యడం ఎందుకక్కా, నువ్వన్నా చెప్పు" అన్నాడు. చెప్పాల్సింది వాడికే చెప్పాను, అది వదిలెయ్. హైస్కూల్లో ఆడపిల్లలకు కబడ్డీ, ఖోఖో నేర్పి రిటైరయినదాన్ని. మనింటి పిల్ల తనంతట తాను బరువులెత్తుతానంటే నాకెంత గర్వంగా ఉంటుందో నీకు తెలుసు. కానీ వాడు ఫోన్ పెట్టేసే ముందు ఇంకో మాట కూడా అన్నాడు. ముందు మూడు నెలలు కడుపు మాడ్చుకుని కొవ్వంతా కరిగిస్తావట, కండ సంగతి ఆ తర్వాతట. రాత్రి అన్నం మానేసి అప్పుడే పది రోజులయిందట. ఆ మాటతో నాకు టెన్షన్ పట్టుకుంది.

నీ ఒంటి లెక్క నాకు తెలుసు. ఎత్తు 157 సెంటీమీటర్లు, బరువు 64 కిలోలు. పోయిన సంక్రాంతికి లంగా కుట్టించేటప్పుడు టేపు పెట్టింది నేనే, నడుము 34 అంగుళాలు. మన దేశపు ఆడవాళ్లకు నడుము 80 సెంటీమీటర్లు, అంటే 31న్నర అంగుళాలు దాటితే జాగ్రత్త పడాలంటారు డాక్టర్లు. కాబట్టి నీకు కొవ్వు తగ్గాలి, అందులో తేడా లేదు. అద్దంలో ఎట్టా ఉన్నావన్నది నాకు పట్టదు. మీ తాతయ్య సుగర్‌తో కాలి వేళ్లు తీయించుకున్న మనిషి. మీ నాన్న నలభై దాటగానే మాత్రలు మొదలుపెట్టాడు. ఆ వరసలో నువ్వు రాకూడదని నా భయం. సుగర్ విషయంలో పొట్ట చుట్టూ పేరుకునే కొవ్వే ఎక్కువ చేటు.

కానీ ముందు కొవ్వా, ముందు కండా అని అడిగితే, నీకు రెండూ ఒకేసారే. బరువులెత్తడం కొత్తగా మొదలుపెట్టినవాళ్లకు, ఒంట్లో కొవ్వు నిల్వ ఉన్నవాళ్లకు ఆ వీలుంటుంది. కండకు కావలసిన శక్తిలో కొంత ఒంట్లో ఉన్న కొవ్వు నుంచే వస్తుంది. కావలసిందల్లా ప్రోటీను, బరువుల పని. 2016లో కెనడాలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీ వాళ్లు లావుగా ఉన్న కుర్రాళ్లకు నాలుగు వారాలు తిండి బాగా తగ్గించి, గట్టిగా వ్యాయామం చేయించి చూశారు. ప్రోటీను ఎక్కువ తిన్నవాళ్లకు సగటున 4.8 కిలోల కొవ్వు పోయి, కండతో కూడిన బరువు 1.2 కిలోలు పెరిగింది. అంత కఠినం నీకు వద్దు. నిదానంగా అదే పని చెయ్.

మీ తమ్ముడికైతే జవాబు వేరు. వాడు వెదురు బొంగులా ఉన్నాడు, కరిగించడానికేమీ లేదు. వాడు కడుపునిండా తిని కండే పెంచాలి. మరీ భారీగా ఉన్నవాళ్లు కొవ్వు మీదే గురి పెట్టాలి, వాళ్లు కూడా బరువులు మానకూడదు.

ఇప్పుడు మీ చిన్నత్త సంగతి. పెళ్లి ఫోటోలు చూసి "చిన్నత్త ఎంత నాజూగ్గా ఉందో" అన్నావు నువ్వు ఒకసారి. ఆ నాజూకు ఎట్టా వచ్చిందో నీకెవరూ చెప్పలేదు.

సంబంధం కుదిరాక అటువైపు పెద్దావిడ ఒకామె "పిల్ల కాస్త బొద్దు" అంది. అంతే. దానికప్పుడు ఇరవై రెండేళ్లు. పొద్దున మజ్జిగ, మధ్యాహ్నం ఒక చపాతీ, రాత్రికి జామకాయ. సాయంత్రమయితే రైల్వే స్టేషన్ దాకా నడక. మొదటి రెండు వారాలు తూకం జారిపోయింది, ఇంటిల్లిపాదీ మెచ్చుకున్నారు. అప్పుడు పోయిందాంట్లో చాలావరకు నీళ్లే. కండలో, కాలేయంలో దాచుకున్న పిండిపదార్థం ఖర్చయినప్పుడు దాంతో ఉన్న నీళ్లూ పోతాయి. ఆ సంగతి మా ఇంట్లో ఎవరికి తెలుసు? అది ఇంకా బిగించింది.

రెండో నెలలో దువ్వెన పెడితే పిడికెడు జుట్టు వచ్చేది. నెలసరి తప్పింది. గాజులు మోచేతి దాకా జారేవి, దారం చుట్టి వేసుకునేది. బావిలోంచి చేంతాడు లాగి రెండు బిందెలు మోసుకొచ్చే పిల్ల, సగం బిందె ఎత్తలేక గట్టు మీద కూర్చుని ఆయాసపడేది. కానీ పొట్ట? పొట్ట దాదాపు అట్టాగే మెత్తగా ఉంది. జాకెట్ చేతులు రెండుసార్లు బిగించారు, తొడలు కరిగిపోయాయి, లంగా బొందు మాత్రం పెద్దగా మారలేదు. దానికి ఏడుపొచ్చి ఆ చపాతీ కూడా సగం చేసింది. పెళ్లిలో పీటల మీదే కళ్లు తిరిగి పక్కకు ఒరిగింది. మీ నాయనమ్మ చక్కెర నీళ్లు తాగించి కూర్చోబెట్టింది. నువ్వు చూసిన ఫోటో ఆ తర్వాత తీసిందే.

పెళ్లయ్యాక మామూలు తిండి మొదలైంది, కానీ ఆకలి మామూలుగా లేదు. కంచం ముందు నుంచి లేవలేకపోతున్నానని నాతో చెప్పి సిగ్గుపడేది. అది దాని తిండిపోతుతనం కాదమ్మా. 1944, 45ల్లో అమెరికాలోని మిన్నెసోటా యూనివర్సిటీలో 36 మంది ఆరోగ్యంగా ఉన్న యువకులకు ఆరు నెలలు అర్ధాకలి భోజనం పెట్టి చూశారు. ఒంటి బరువులో నాలుగో వంతు పోయింది. ఇరవై నాలుగ్గంటలూ తిండి గురించే తలపోసేవాళ్లు. తిరిగి కడుపునిండా పెట్టడం మొదలుపెడితే ముందు కొవ్వు పరుగెత్తుకొచ్చింది, మునుపటికంటే ఎక్కువగా. కండ వెనకబడింది. మీ చిన్నత్తకూ అదే జరిగింది. ఏడాది తిరిగేసరికి పోయిన బరువంతా వచ్చింది, పైన ఇంకొంత వచ్చింది, చేతుల్లో బలం మాత్రం రాలేదు. మళ్లీ పస్తులు, మళ్లీ లావు. నలభైల్లో సుగర్ బయటపడింది. సుగర్ మన వంశంలోనే ఉంది, పస్తుల వల్లే వచ్చిందని నేననను. కానీ తిన్న అన్నం చక్కెరయి రక్తంలో చేరినప్పుడు దాన్ని ఎక్కువగా తీసుకునేది కండే. ఉన్న కండ పోగొట్టుకుంటే ఆ చక్కెర ఎక్కడికి పోవాలి?

సన్నగా కనిపిస్తే చాలనుకునేవాళ్లకు ఇంకో సంగతి. 2004లో పుణె డాక్టరు యాజ్ఞిక్, లండన్ డాక్టరు యుడ్కిన్ పక్కపక్కన నిలబడి తీయించుకున్న ఫోటోను లాన్సెట్ పత్రికలో వేశారు. ఎత్తుకు తగ్గ బరువు లెక్క (బీఎంఐ) ఇద్దరికీ ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం తెల్లాయనకు 9.1 శాతం, మనాయనకు 21.2 శాతం. మన జాతి ఒళ్లే అంత. కండ తక్కువ, లోపల కొవ్వు ఎక్కువ. అందుకే తూకం తగ్గిందని మురిసిపోబాకు. తగ్గింది ఏమిటో చూసుకో.

తిండి దగ్గరికొస్తాను. అన్నం మానబాకు. నెల్లూరు జిల్లాలో పుట్టి అన్నం మానేస్తానంటే నేనొప్పుకోను. రోజుకు 300, 400 కేలరీలు తగ్గిస్తే నీకు సరిపోతుంది. కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీలుంటాయి, నెలకు కిలో, కిలోన్నర దిగుతావు. అంతకంటే తొందర వద్దు. ఆ 400 ఎక్కడున్నాయో చెప్తా. పెద్ద చెంచాడు నూనెలో 120. మూడు టీల చక్కెరలో ఇంకో 120. మీ బ్యాంకులో ఎవరికి ప్రమోషనొచ్చినా తెచ్చే మైసూర్‌పాక్ గురించి నేను చెప్పనక్కర్లేదు. చేపల పులుసు మానొద్దు. పైన తేలే ఎర్రటి నూనెను గరిటెతో పక్కకు నెట్టి, కింద నుంచి ముక్కలు తీసుకో.

ప్రోటీను కిలో బరువుకు 1.6 గ్రాములు అనుకుంటే నీకు రోజుకు నూరు గ్రాములు కావాలి. వినగానే బెదరబాకు. 50 గ్రాముల పెసలతో పోసిన పెసరట్లలో 12, మూడు ఉడకబెట్టిన గుడ్లలో 18, మధ్యాహ్నం 150 గ్రాముల చేపలోనో చికెన్‌లోనో 30 దాకా, 30 గ్రాముల మీల్‌మేకర్‌లో 15, పావు కిలో పెరుగులో 8. పప్పు, పాలు, అన్నం కలిస్తే మిగతాది నిండుతుంది. రొయ్యలు మన చెరువుల్లోనే పండుతున్నాయి, వేపుడు చేయకుండా ఇగురు పెట్టుకో. డబ్బా పొడులు అక్కర్లేదు. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు 2024లో ఇచ్చిన సూచనల్లోనూ వాటికి దూరంగా ఉండమనే చెప్పారు. జిమ్‌లో ఎవరన్నా "త్వరగా కరుగుద్ది" అని మాత్రలో సూదో చూపిస్తే ఆ రోజే ఆ జిమ్ మానెయ్.

మన వైపు బండలాగుడు పోటీలకు ఎద్దుల్ని తయారుచేసే రైతుల్ని చూశావు కదా. ఉలవలు ఉడకబెట్టి పెడతారు, రోజూ బండ లాగిస్తారు. మేత పెట్టి గాటన కట్టేస్తే కొవ్వు పట్టుద్ది, మేత లేకుండా లాగిస్తే ఎద్దు చిక్కిపోద్ది. ఒంగోలు గిత్తకు మెడ, తొడ అట్టా వచ్చేది రెండూ కలిసినప్పుడే.

బరువుల పని వారానికి మూడు రోజులు చాలు, మధ్యలో ఒక్కో రోజు విరామం. స్క్వాట్ (బరువుతో కూర్చుని లేవడం), డెడ్‌లిఫ్ట్ (నేల మీది బరువు పైకెత్తడం), ఛాతీకి, భుజాలకు పైకి నెట్టేవి, వీపుకు లాగేవి, అంతే. ట్రెడ్‌మిల్ మీద గంటసేపు చెమట కార్చి ఇంటికెళ్లే ఆడవాళ్ల వరసలో నువ్వు నిలబడబాకు. నడక మంచిదే, ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు నడు. మొదటి నెల తేలిక బరువుతో పద్ధతి నేర్చుకో. నడుము వంచకుండా కూర్చోవడం, మోకాళ్లు లోపలికి పడకుండా లేవడం వచ్చాక, పది సార్లు శుభ్రంగా ఎత్తగలిగితే ఒక కిలోనో రెండు కిలోలో పెంచు. బరువు పెంచకుండా ఏడాదంతా అవే రెండు కిలోల డంబెల్స్ ఊపితే కండ రాదు. నోట్‌బుక్‌లో రాసుకో, ఫోన్‌లో వద్దు, పోతుంది.

మగరాయుడిలా అయిపోతావని మీ నాన్న భయం. మగవాళ్లలో కండ పెంచే హార్మోను ఆడవాళ్లలో పదో వంతు కూడా ఉండదు. కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది, మన శ్రీకాకుళం పిల్ల. టీవీలో చూస్తూ మీ నాన్న కూడా చప్పట్లు కొట్టాడు, అడుగు.

నిద్ర ఏడు గంటలకు తగ్గనివ్వబాకు.

మొదటి నెలలో తూకం కదలకపోతే దిగులు పడొద్దు. కొత్తగా వ్యాయామం చేసే కండలో నీళ్లు చేరతాయి, నెలసరి ముందు ఒళ్లు ఇంకాస్త బరువెక్కుతుంది. ఆదివారం పొద్దున పరగడుపున బొడ్డు దగ్గర టేపు పెట్టి చూసుకో, ఊపిరి బిగబట్టకుండా. నడుము దిగుతూ, ఎత్తే బరువు పెరుగుతూ ఉంటే దారిలో ఉన్నట్టే. నడుము 31 అంగుళాలకు వచ్చాక, కావాలంటే తిండి ఇంకో 200 కేలరీలు పెంచి కండ మీదే దృష్టి పెట్టొచ్చు. అప్పటికి నీకే తెలుస్తుంది.

ఈ వారంలో రక్తపరీక్షలు చేయించు. హిమోగ్లోబిన్ 12కు తగ్గితే ముందు ఐరన్ సంగతి చూడాలి. థైరాయిడ్ చూడాలి. మూడు నెలల సుగర్ సగటు (హెచ్‌బీఏ1సీ) 5.7 శాతం లోపుంటే నేను కాస్త ఊపిరి పీల్చుకుంటాను. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష మర్చిపోబాకు. మీ అమ్మమ్మ వాళ్లది కనిగిరి, ఫ్లోరైడ్ నీళ్లు తాగిన ఇల్లు, ఆవిడకు కిడ్నీలు బాగాలేవు. అందులో తేడా ఉంటే నేను చెప్పిన నూరు గ్రాములూ పక్కనపెట్టి డాక్టరు చెప్పినట్టు చెయ్.

మీ అమ్మ సంబంధాలు చూస్తోందని తెలుసు. సన్నబడమని నీకు చెప్పిందీ తనేనని తెలుసు. కోపం పెట్టుకోబాకు, తన భయం తనది. నేను మాట్లాడతాను. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు ఎవరన్నా ఒళ్లు గురించి నోరు జారితే, మా తమ్ముడి ఇంట్లో మా పిల్ల ముందు ఆ మాట రెండోసారి రాకుండా చూసే బాధ్యత నాది.

రిపోర్టులు రాగానే ఆదివారం పినాకిని రైలుకు రా. కొరమీను తెప్పిస్తాను, మధ్యాహ్నం కూర్చుని నీ నోట్‌బుక్ చూద్దాం. టేపు నా దగ్గరుంది.

ఆశీస్సులతో,
మీ పెద్దత్త