కిల్పెక్ చర్చి చరిత్ర రాయబోయే అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

కిల్పెక్ ఊరి చర్చి చరిత్ర రాయాలని పూనుకున్నావని తెలిసి ఎంతో సంతోషించాను. ఈ ఇంగ్లండు పల్లెల్లో పాత చర్చిలు చూస్తూ ఏళ్లు గడిపినవాడిగా నీకు మొదట చెప్పేది ఒకటే: పుస్తకాల కంటే ముందు గోడలను చూడు.

హియర్‌ఫర్డ్ నగరానికి నైరుతి దిక్కున ఉన్న ఆ చర్చిని 1140 ప్రాంతంలో ఎర్ర ఇసుకరాతితో కట్టారు. లోపలికి వెళ్లేముందు దాని చుట్టూ నెమ్మదిగా నడువు. పడమటి వైపు మట్టిదిబ్బ మీద కోట శిథిలాలు కనిపిస్తాయి. అంత చిన్న ఊళ్లో అంతటి శిల్పసంపద ఎలా వచ్చిందన్న ప్రశ్నకు జవాబు ఆ దిబ్బ దగ్గరే మొదలవుతుంది కనుక, కోటను వదిలేసి చర్చి గురించి మాత్రమే రాయకు.

చూరు కింద చుట్టూరా ముందుకు పొడుచుకొచ్చిన చెక్కడపు రాళ్లు 85 మిగిలి ఉన్నాయి. బైనాక్యులర్స్ తీసుకెళ్లి, ఒక్కొక్కదానికి వరుస సంఖ్య వేసుకుని, నీ కంటికి కనిపించింది మాత్రమే రాసుకో. వేటకుక్క, కుందేలు పక్కపక్కనే ఉన్న రాయి అందరికీ నచ్చుతుంది. షీలా-నా-గిగ్ అనే నగ్న స్త్రీమూర్తిని కొందరు సంతానానికి ప్రతీక అంటారు, మరికొందరు కామానికి హెచ్చరిక అంటారు. చెక్కించినవారు దాని గురించి రాసిపెట్టింది ఏదీ లేదు కాబట్టి, రెండు వాదాలనూ వాదాలుగానే పేర్కొను.

దక్షిణ ద్వారానికి ఎక్కువ సమయం కేటాయించు. తలుపు పైన అర్ధచంద్రాకారపు పలకలో తీగచెట్టు, పక్క స్తంభాల మీద తీగల్లో చిక్కుకున్న యోధులు ఉంటారు. ఎండ ఏటవాలుగా పడే వేళకు వెళితే ఉలి దెబ్బలు సైతం తెలుస్తాయి. ఎంత ముచ్చటేసినా రాయిని తాకవద్దు, ఇసుకరాయి త్వరగా అరిగిపోతుంది.

ఇక నువ్వు తప్పనిసరిగా చేయవలసిన పని మరొకటుంది. 1848 ప్రాంతంలో ఆ చర్చికి మరమ్మతులు జరిగాయి. అంతకుముందే, 1842లో, జార్జ్ రాబర్ట్ లూయిస్ అనే చిత్రకారుడు ఆ చర్చి చిత్రాలు గీసి ప్రచురించాడు. వాటిని ఈనాటి గోడల పక్కన పెట్టి పోల్చితే ఏది మధ్యయుగానిదో, ఏది విక్టోరియా కాలపు చేతిపనో నీకే అర్థమవుతుంది. ఇది ఓపికతో కూడిన పని, కానీ నీ వ్యాసానికి విలువ తెచ్చేది ఇదేనని నా నమ్మకం.

వీలైతే షాబ్డన్ అనే ఊరు కూడా చూసి రా. కిల్పెక్ శిల్పశైలికే చెందిన అక్కడి చర్చిని 1750లలో కూల్చి, దాని తోరణాలను ఆరుబయట అలంకారంగా నిలబెట్టారు. వానకూ గాలికీ ఆ బొమ్మలు చాలావరకు చెరిగిపోయాయి. వాటిని తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధ కలుగుతుంది. చర్చిలు చూడడానికి ఆదివారం ప్రార్థన వేళ తప్పించి వెళ్లు, హుండీలో నీ శక్తికొద్దీ ఏమైనా వెయ్యి, వ్యాసం పూర్తయ్యాక ఒక ప్రతి ఆ ఊరి చర్చి పెద్దలకు పంపించు.

ఇట్లు,
పెదనాన్న