పాపారాయుణ్ణి రాజాంలోనే ఉంచు

విజయనగరం

బాబూ,

ఆమదాలవలస నుంచి నువ్వు పంపిన కవరు పోయిన శనివారం అందింది. ఫ్రెంచివాళ్లూ విజయనగరం రాజూ కలిసి బొబ్బిలి కోట మీద పడ్డ యుద్ధాన్ని బల్ల మీద ఆడే వార్‌గేమ్‌గా మలిచి నువ్వు రాసిన సినారియో (ఆ ఒక్క యుద్ధానికి సైన్యాలూ, టర్న్‌లూ, గెలుపు షరతులూ చెప్పే కాగితం) రెండు వెర్షన్లూ పక్కపక్కన పెట్టుకుని మూడు రాత్రులు చూశాను. మొదటిది చూసి సంతోషించాను. రెండోది చూశాక నిద్ర పట్టలేదు. అందుకే ఇంత త్వరగా రాస్తున్నాను.

మొదటి వెర్షన్‌లో ఒక చిన్న కౌంటర్, అంటే దళానికో మనిషికో గుర్తుగా బల్ల మీద కదిపే అట్టముక్క, పెట్టావు. కోట పడిపోతున్నప్పుడు బొబ్బిలి రాజు రంగారావు కొడుకుని చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చే ముసలాయన కౌంటర్ అది. దానికి బలం సున్నా, నడక ఒక్క గడి. బల్ల మీద పెట్టి చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. రెండో వెర్షన్‌లో అది లేదు. తీసేసి ఆ చోట బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుణ్ణి రెండు వందల మందితో మూడో టర్న్‌లో (రెండు పక్షాలూ ఒక్కోసారి ఆడితే ఒక టర్న్) కోట దగ్గరికి రప్పించావు. ఎందుకని చూస్తే కింద రాసి ఉంది: "బ్యాలెన్స్ కోసం". అంటే రెండు పక్షాలకీ గెలిచే అవకాశం సమానం కావాలని.

మన బొబ్బిలి కథలో పాపారాయుడు ఆ రోజు రాజాంలో ఉన్నాడు. వచ్చేసరికి అంతా అయిపోయింది. ఆయన చెయ్యగలిగిందల్లా మూడో రోజు రాత్రి డేరాలో దూరి విజయనగరం రాజు పెద విజయరామరాజుని పొడవడమే. ఆయన వేళకి రాకపోవడమే ఆ కథకి ప్రాణం. మూడో టర్న్‌లో ఆయన్ని దింపేశాక బల్ల మీద మిగిలింది బొబ్బిలి కాదు, బొబ్బిలి అని పేరు పెట్టిన మరేదో కోట.

నువ్వు చెప్పే కారణం కూడా చూద్దాం. మొదటి వెర్షన్ పదిసార్లు ఆడితే ఫ్రెంచి పక్షం ఏడుసార్లు గెలిచిందన్నావు. నాణెం పదిసార్లు ఎగరేసి చూడు. ఏ మోసమూ లేని నాణెం కూడా ఏడో అంతకంటే ఎక్కువో బొమ్మలు చూపించే అవకాశం 1024లో 176, అంటే వందకి 17. ఏదో ఒక పక్షం అలా గెలవడం అనుకుంటే వందకి 34. అంత మామూలు సంగతి చూసి కంగారుపడి ఒకేసారి నాలుగు మార్పులు చేశావు. పాపారాయుణ్ణి తెచ్చావు, గోడ బలం పెంచావు, నాలుగు ఫిరంగుల్ని మూడు చేశావు, పది టర్న్‌లను ఎనిమిదికి కుదించావు. తర్వాత పది ఆటల్లో అయిదు, అయిదు వచ్చాయని "పర్ఫెక్ట్" అని రాసుకున్నావు. ఆ అయిదు–అయిదు ఏ మార్పు వల్ల వచ్చింది? నీకు తెలీదు, నాకూ తెలీదు. పైగా పది ఆటల్లోనూ ఫ్రెంచి పక్షం మీ అన్నయ్యే తీసుకున్నాడని నువ్వే రాశావు. అది మీ అన్నయ్య లెక్క, సినారియో లెక్క కాదు.

నాకు ఈ పాఠం చీపురుపల్లి దగ్గర మా అమ్మమ్మ ఊళ్లో, గుడి అరుగు మీద మొదలైంది. రాతి పలక మీద పులిజూదం గీత చెక్కి ఉండేది. మూడు పులులు, పదిహేను మేకలు. రెండు పక్షాలకీ ఏ పోలికా లేదు, అయినా ఎన్ని తరాలుగానో ఆడుతున్నారు. నేను పులులతో ఓడిపోయి ఏడిస్తే అమ్మమ్మ తన మేకల్లో రెండు తీసి చీర కొంగులో ముడేసుకునేది. "పదమూడుతో ఆడతాను, రా" అనేది. గీత మార్చలేదు, పులి దూకే తీరు మార్చలేదు. నేను గెలవడం నేర్చుకున్నాక కొంగు విప్పి ఆ రెండూ మళ్లీ పలక మీద పెట్టేసింది. "ఇప్పుడిటొచ్చి కూకో, నాను పులులు తీసుకుంటాను" అంది. ఒక్కో పక్షం ఒక్కోసారి ఆడితేగానీ ఏది బలమో తెలీదని ఆమెకి ఎవరు చెప్పారో!

పెద్దయ్యాక, 1981లో, ఓడలో పనిచేసే మా మేనమామ కొడుకు స్క్వాడ్ లీడర్ అనే వార్‌గేమ్ పెట్టె ఒకటి తెచ్చి ఇచ్చాడు. అవలాన్ హిల్ వాళ్లు 1977లో వేసిన ఆట, జాన్ హిల్ తయారుచేసింది. అందులో మొదటి సినారియోలు స్టాలిన్‌గ్రాడ్ మీద. డిక్షనరీ పక్కన పెట్టుకుని ఏడాది చదివాను. ఆ ఆటనే వాళ్లు 1985లో అడ్వాన్స్‌డ్ స్క్వాడ్ లీడర్‌గా కొత్త నిబంధనలతో తిరగరాశారు. గడి అంటే 40 మీటర్లు, టర్న్ అంటే రెండు నిమిషాలు. నిబంధనలు మారితే అదే దళం, అదే వీధి కూడా వేరే ఆట అవుతుందని ఆ రెండూ పోల్చి చూశాకే అర్థమైంది. కాల్పుల ఫలితం చెప్పే పట్టిక కాస్త మారినా దాడి చేసేవాడి కష్టం మారిపోతుంది. అందుకే పాత వెర్షన్ లెక్కలు తెచ్చి కొత్త వెర్షన్‌కి అంటగట్టకూడదు. నీ గోడ బలం మారిన క్షణం నీ పాత పది ఆటలూ చెల్లవు.

ఆ కొత్త ఆటలో నన్ను కట్టిపడేసింది మరొకటి. సినారియో కార్డు మీద ఒక మూల రెండు పక్షాలకీ విడివిడిగా బ్యాలెన్స్ అని ఒక్కో వాక్యం అచ్చువేసి ఉంటుంది. ఎవరికి ఎక్కువ కష్టంగా ఉంటే వాళ్లు ఆ వాక్యం వాడుకోవచ్చు. అచ్చయిన అసలు సినారియో అలాగే ఉంటుంది. మా అమ్మమ్మ కొంగు ముడి కూడా అదే పని చేసింది.

పద్మనాభం మీద నేను రాసిన సినారియో సంగతి చెప్తాను. 1794 జులై 10న ఈస్టిండియా కుంఫిణీ సైన్యం ముందు విజయనగరం రాజు చిన విజయరామరాజు తన వాళ్లతో సహా పడిపోయిన చోటు అది. అంతా గంటలోపే ముగిసింది. ఆరు మూలల హెక్స్ గళ్లు వృత్తలేఖినితో నేనే గీశాను. కౌంటర్లు పాత శుభలేఖలు కోసి చేశాను, అంచుకి పసుపు అలాగే ఉండేది. రెండేళ్ల పని. ఒక పత్రిక సంపాదకుడికి పంపితే "రాజుగారికి గెలిచే చాన్స్ లేకపోతే ఎవరాడతారు?" అని నాకు మాటమాత్రం చెప్పకుండా రాజుగారి సైన్యం రెట్టింపు చేసి అచ్చేశాడు. కింద నా పేరు. ఆ సంచిక ఇప్పటికీ నా బీరువాలో ఉంది, మళ్లీ తెరవలేదు. ఇప్పుడు ఫ్యాషన్ ఇంకా ముదిరింది. ఆర్నెల్లకో ఎడిషన్, ప్లాస్టిక్ బొమ్మలు, అట్ట మీద "పూర్తిగా సవరించినది" అనే ముద్ర. ఏం సవరించారో, ఏ ఆట చూసి సవరించారో ఒక్కరూ రాయరు. నువ్వు ఆ దారి పట్టకు.

యుద్ధం సమానంగా ఉండనక్కర్లేదు, బాబూ. పందెం సమానంగా ఉండాలి. బొబ్బిలి గెలవదు. కానీ ఎంతసేపు నిలుస్తుంది? ఆ కాలపు ఇంగ్లీషు చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ రాసిన వృత్తాంతం మళ్లీ చదువు. 1757 జనవరి 24న తెల్లవారుతూనే ఫిరంగులు నాలుగు మూలల బురుజుల మీద మొదలయ్యాయి. తొమ్మిది గంటలకి నిచ్చెనలతో నాలుగు దళాలు ఒకేసారి ఎక్కబోయాయి. గంటసేపు ఎంత ప్రయత్నించినా ఒక్కడూ గోడ దాటలేకపోయాడు. మట్టి గోడ! ఆ గంటే నీ సినారియోకి గుండెకాయ. టర్న్‌ని ఒక గంట చెయ్యి, గోడ మొదటి వెర్షన్‌లో ఉన్నట్టే ఉంచు, ఫిరంగులు నాలుగూ వెనక్కి పెట్టు.

తర్వాత ఇలా చెయ్యి. ఆట మొదలయ్యే ముందు ఇద్దరూ చీటీల మీద ఒక్కో అంకె రాయాలి, బొబ్బిలి తన చేతిలో ఉంటే ఎన్నో టర్న్ దాకా నిలబెడతాడో. పెద్ద అంకె రాసినవాడికే బొబ్బిలి. మాట నిలబెట్టుకుంటే కోట పడినా గెలిచినట్టే. పిల్లవాడు బల్ల అంచు దాటితే ఒక టర్న్ ఎక్కువ నిలిచినట్టు లెక్క కట్టు. ఇప్పుడు ఎవరైనా బ్యాలెన్స్ లేదంటే, అంకె రాసింది వాళ్లే. చీటీలన్నీ దాచు. ముప్పై ఆటలయ్యాక ఆ అంకెలే చెప్తాయి ఏం మార్చాలో. అప్పుడు ఒక్కటి మార్చు. తేదీ వేసి, ఎందుకు మార్చావో పక్కన రాయి.

కౌంటర్లకి ఏ కాగితం, ఎక్కడ అచ్చు, ఎవరు వేస్తారు అని చాలా అడిగావు. అవి ఇప్పుడొద్దు.

సిరిమాను సంబరానికి విజయనగరం రా. మీ అన్నయ్యని కూడా తీసుకురా, ఈసారి అతను ఫ్రెంచి పక్షం తీసుకోకూడదు. ముసలాయన కౌంటర్ మర్చిపోకు. నా చీటీ మీద అంకె ఇప్పటికే రాసి మడిచి పెట్టాను.

ఆశీస్సులతో,
నీ మాస్టారు