పెళ్లిలో బ్యాండ్ వద్దు, దర్గాలో కవ్వాలీ కావాలి: ఎలా?

ప్రశ్న: మా పక్కింటి ముస్లిం పెద్దాయన మనవడి నిఖాకి బ్యాండ్ పెట్టనివ్వలేదు. సంగీతం హరామ్ అన్నారు. ఆయనే ఉరుసుకి మమ్మల్ని పెద్ద దర్గాకి తీసుకెళ్లి రాత్రంతా కవ్వాలీ వినిపించారు. ఈ రెండూ ఎలా కుదురుతాయండీ?
– ఒక పాఠకురాలు, కడప

జవాబు: కుదురుతాయమ్మా. ఆయన్ని తప్పుపట్టకండి. వెయ్యేళ్లు దాటినా పండితులే ఈ విషయంలో ఒక్క మాట మీదికి రాలేదు. ఖురాన్‌లో సంగీతం పేరెత్తి వద్దన్న వాక్యం లేదు. 31వ సూరాలో పనికిమాలిన కాలక్షేపాన్ని తప్పుపట్టిన మాటని కొందరు పాటలకు అన్వయిస్తారు. వాద్యాలను నిందించే హదీసు, అంటే ప్రవక్త మాటలు, చేతల గురించిన కథనం, బుఖారీ సంకలనంలో ఉంది. అదే బుఖారీలో, పండగ రోజు ప్రవక్త ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు పాడుతుంటే అబూబకర్ కోప్పడ్డారనీ, ప్రవక్త ఆయన్ని వారించి పాడుకోనిమ్మన్నారనీ కూడా ఉంది. పెళ్లిలో దఫ్, అంటే చేత్తో పట్టుకుని వాయించే డప్పులాంటి వాద్యం, వాయిస్తే చాలామంది పండితులు కాదనరు.

దర్గా దారి వేరు. 1111లో కన్నుమూసిన ఇమామ్ గజాలీ దీనిమీద ఒక అధ్యాయమే రాశారు. పాట మనసులో లేనిదాన్ని తెచ్చిపెట్టదు, ఉన్నదాన్నే కదిలిస్తుందన్నది అందులోని వాదన. ఢిల్లీలో సూఫీ గురువు నిజాముద్దీన్ ఔలియా షరతులు పెట్టారు: పాడేది ఎదిగిన మగవాడై ఉండాలి, వినేవాడి ధ్యాస దేవుడి మీదే ఉండాలి, పాటలో చౌకబారు మాట ఉండకూడదు, తంత్రీవాద్యాలు వద్దు. సుల్తాన్ ఘియాసుద్దీన్ తుగ్లక్ పండితుల సభ పెట్టి నిలదీసినా ఔలియా వినడం మానలేదు. ఇప్పుడు హార్మోనియం, తబలా వచ్చాయి. కవ్వాలీని అసలే ఒప్పుకోని ముస్లింలూ మన ఊళ్లలో చాలామంది ఉన్నారు.

నాకు మాత్రం కవ్వాలీలో గొంతులకంటే ఆ సభ మర్యాద ఎక్కువ ఇష్టం. నోటు ఇవ్వాలనుకున్నవాళ్లు కవ్వాల్ (కవ్వాలీ పాడేవాడు) ముందుకు విసరరు. రెండు చేతులా పట్టుకెళ్లి ముందు దర్గా పీఠాధిపతికి అందిస్తారు, ఆయన చేతిమీదుగా పాడేవాళ్లకు చేరుతుంది. ఎవరైనా ఒళ్లు మరిచి లేచి నిలబడితే పీఠాధిపతీ లేస్తారు, ఆయనతోపాటు సభంతా లేస్తుంది. ఆ మనిషి తేరుకునేదాకా కవ్వాల్ ఆ చరణం దాటి ముందుకు పోకూడదు, దాన్నే తిప్పి తిప్పి పాడాలి. 1235లో ఢిల్లీ సూఫీ గురువు ఖుత్బుద్దీన్ బఖ్తియార్ కాకీ అలా ఒక పారసీ పద్యం వింటూ వింటూనే ప్రాణం విడిచారని ఆయన సూఫీ పరంపరవాళ్లు, చిష్తీలు, చెప్పుకుంటారు. అక్కడ వినడమే ఆరాధన. మీ పక్కింటాయన పెళ్లిలో వద్దన్నది డాన్సుల హోరుని అయి ఉంటుంది. దఫ్ గురించి అడిగి చూడండి, సరే అనొచ్చు.

ఈసారి ఉరుసుకి వెళ్తే తలమీద కొంగు కప్పుకుని ఒక పక్కన కూర్చోండి, చప్పట్లు కొట్టకండి. అజాన్ వినపడగానే పాట ఆపేస్తారు. అయిపోయిందనుకుని లేచి వచ్చేయకండి, నమాజు తర్వాత మళ్లీ మొదలుపెడతారు.